పండుగకు పండ్లపూర్ణపు బిళ్ళలు: ఓట్సుతోను, సజ్జలతోను

డిసెంబరు మాసము ప్రవేశింపగానే మన క్రైస్తవ గృహములయందు కజ్జికాయలకును, గులాబీపువ్వులకును, అరిసెలకును పిండి సిద్ధమగును. పట్టణమునుండి కేకు తెచ్చుకొనుట గూడ నిప్పుడు పల్లెలలో సామాన్యమైనది. ఈ సంవత్సరము మన పత్రికయందు వీనికి భిన్నమైన పండుగ వంటకము నొకదానిని గూర్చి పాఠము చెప్పదలచితిమి. ఇంగ్లండు, అమెరికా, కెనడా దేశములయందు ఓట్సు అను ధాన్యపు అటుకులతో క్రింద నొక పొరయు పైన నొక పొరయు నమర్చి, నడుమ ఖర్జూరము మొదలగు పండ్ల ముద్దను నింపి, పొడి వేడిమిలో కాల్చి, చల్లారిన పిమ్మట చదరపు ముక్కలుగా కోయుదురు. నూనెలో వేచు పని లేదు. పాకము ముదురునేమో, లేతవడునేమో యను భయమును లేదు. ఆకారమునకు మన కొబ్బరిబిళ్ళలను బోలియుండును గనుక వీనిని బిళ్ళలనియే పిలిచెదము. నడిమి ముద్ద బొబ్బట్లలోని పూర్ణమువంటిదే గనుక దానికి వేరు పేరు వెదకనక్కరలేదు.

కొలతలు వ్రాసియిచ్చి యూరకుండుట మా యుద్దేశము కాదు. ఏ వస్తువు ఏ పనికి వచ్చుచున్నదో యెరిగినచో, అది దొరకనిచోట దాని పని చేయగల మరియొక వస్తువును మనమే యెన్నుకొనగలము. జలదంకి మొదలుకొని కలిగిరి, వింజమూరు, ఉదయగిరి వరకు గల మెట్టగ్రామములయందు ఓట్సు పండదు, సజ్జ పండును. ఓట్సు పొట్లము నేడు అంగళ్లలో దొరకుట నిజమే. అయినను దానికి సొమ్ము పోయవలెను. సజ్జలతో నీ బిళ్ళలు చేయవచ్చునా యనునదియే యీ పాఠములోని ముఖ్యమైన ప్రశ్న. చేయవచ్చును, కాని ఒకదాని స్థానమున నొకటి ఊరక పోసినచో కుదరదు. ఏల కుదరదో తెలియుటకు మొదట ఓట్సు సంగతి తెలిసికొనవలెను.

ఓట్సు గడ్డిజాతి ధాన్యము. పూర్వము పశ్చిమాసియా రైతులు గోధుమలు, యవలు విత్తిన చేలలో నిది కలుపుగా మొలచెడిది. ఆ పైరులు చలిగల ఐరోపా ఖండమునకు వ్యాపించినపుడు కలుపుగూడ వెంటబోయి, చలికిని వానకును తట్టుకొని, తుదకు పైరుగా నెంచబడినది. స్కాట్లండు దేశమువారికి నిది చిరకాలము ప్రధానాహారము. 1755లో శామ్యూల్ జాన్సను పండితుడు తాను కూర్చిన యింగ్లీషు నిఘంటువునందు ఓట్సును గూర్చి వ్రాయుచు, ఇంగ్లండున గుర్రములు తిను గింజను స్కాట్లండున మనుష్యులు తినుచున్నారని యెత్తిపొడిచెను. స్కాట్లండువారు దానికి సిగ్గుపడి తమ జావను మానుకొనలేదు. ఆ గుర్రపు దాణాయే పిదప పొట్లములకెక్కి లోకమంతయు తిరుగుచున్నది.

అంగడిలో దొరకు ఓట్సు గింజరూపమున నుండదు. పొట్టు తీసి, ఆవిరిపట్టి, ఉక్కు రోళ్ళ నడుమ నొక్కి పలుచని రేకులుగా చేయుదురు. వడ్లను నానవేసి, వేపి, దంచి మనము అటుకులు చేయుటకును దీనికిని భేద మల్పమే. ఓట్సు అనునవి ఓట్సుగింజల అటుకులే యని మన బాలబాలికలు గ్రహింపవలెను. ఆవిరిపట్టుటచే నవి సగము ఉడికియే యుండును. అందుచేత కొలదిసేపు కాల్చినను పచ్చివాసన యుండదు. ఇదిగాక ఓట్సునందు బీటాగ్లూకను అను నొక జిగురు పీచు కలదు. తడి తగిలినంతనే యది చిక్కబడి రేకులను ఒకదానికొకటి పట్టియుంచును. ఓట్సు జావ చల్లారినకొలది బంకబంకగా నగుటకు కారణమిదియే. ఉడికియుండుట, అంటుకొనుట అను నీ రెండు గుణములు సజ్జపిండికి లేవు. సజ్జలతో చేయునపుడు మనము సంపాదింపవలసినవి యీ రెండే.

తక్కిన వస్తువులు మన యింటివే. నెయ్యి పిండిరేణువులను కప్పి గోధుమపిండి నీటితో కలిసి సాగకుండ చేయును. చెక్కలకును కజ్జికాయలకును పిండి కలుపునపుడు మన తల్లులు కాగిన నెయ్యి పోయుట యీ గుల్లదనము కొరకే. కారణము చెప్పకపోయినను వారి చేతి కది తెలియును. బెల్లము తీపి నిచ్చుటయేగాక వేడికి కరగి, చల్లారినపుడు గట్టిపడి, పొరలను బిగించును. వంటసోడా వేడికి బొగ్గుపులుసు వాయువును విడిచి పొరను కొంచెము పొంగించును. ఎక్కువైనచో సబ్బు రుచి పుట్టును. కావున పావు టీచెంచాకు మించరాదు. చిటికెడు ఉప్పు మరువరాదు. ఉప్పు లేని తీపి చప్పగా తోచుట మీరెరిగినదే.

మొదట ఓట్సు బిళ్ళల కొలతలు చెప్పెదము. ఇరువది సెంటీమీటర్ల పొడవును అంతియే వెడల్పును గల చదరపు రేకుపళ్ళెమునకు ఓట్సు 150 గ్రాములు, గోధుమపిండి 180 గ్రాములు, పొడిచేసిన బెల్లము 150 గ్రాములు, నెయ్యి 140 గ్రాములు సరిపోవును. నేతికి బదులు వెన్న వాడుదురేని 170 గ్రాములు పట్టును, ఏలయన వెన్నలో నూటికి పదునారు వంతుల వరకు నీరుండును. పొడి వస్తువులన్నియు కలిపి, గడ్డకట్టిన నెయ్యి చేర్చి, వ్రేళ్లకొనలతో నలుపవలెను. ముద్దగా పిసుకరాదు. పిడికిట బట్టిన నిలిచి, వదలిన రాలిపోవు పిండిగా నున్నచో చాలును. అందులో సగముకన్న కొంచెమెక్కువ పళ్ళెములో పరచి గిన్నె అడుగుతో గట్టిగా నొక్కవలెను. దానిపై చల్లారిన పూర్ణమును సమముగా పూసి, మిగిలినదానిని నొక్కకయే పైన చల్లవలెను. క్రిందిపొర నొక్కనిచో కోయునపుడు విరిగిపోవును. పైపొర నొక్కినచో గుల్లదనము పోవును.

పూర్ణమునకు గింజలు తీసిన ఖర్జూరము 250 గ్రాములు, నీరు 150 మిల్లీలీటర్లు చేర్చి సన్ననిసెగపై ఎనిమిది, పది నిమిషములు కలియబెట్టుచు నుడికించినచో మెత్తని ముద్ద యగును. ఈ పనికి ఉదయగిరి కొయ్యగరిటె మేలు. చేయి కాలదు, గిన్నె గీసుకొనదు. దింపిన పిమ్మట అరచెక్క నిమ్మరసము, రెండు ఏలకుల పొడి, చిటికెడు శొంఠి చేర్చవలెను. ఖర్జూరమునకు మిక్కిలి తీపియేగాని పులుపు లేదు గనుక నిమ్మరసము లేనిదే రెండవ ముక్క తినబుద్ధి పుట్టదు. పొదలకూరు నిమ్మకాయలు మనకు దగ్గర నుండగా నీ లోటు రానేల? పూర్ణమునందు వేరుగా బెల్లము వేయరాదు.

ఖర్జూరమే కావలెనను నియమము లేదు. చలికాలమున జామపండ్లు సమృద్ధిగా దొరకును. అరకిలో మగ్గిన జామపండ్లను కొంచెము నీటితో నుడికించి, గింజలు పోవునట్లు జల్లెడలో వత్తి, నూరు గ్రాముల బెల్లముతో మరల నుడికింపవలెను. గరిటెతో గీసినపుడు గిన్నె యడుగు క్షణకాలము కనబడి పిమ్మట మూసికొనుట పదును. జామయందు పెక్టిను అను పదార్థము మెండు. అది తీపితోను పులుపుతోను కలిసి చల్లారునపుడు బిగియును. వేసవినాటి మామిడితాండ్ర మిగిలియున్నచో నూరు గ్రాములు సన్నగా తరిగి, గోరువెచ్చని నీట నానబెట్టి, నూటయేబది గ్రాముల ఖర్జూరముతో కలుపవచ్చును. మా యభిప్రాయమున నిదియే అన్నిటికన్న రుచి. అరటిపండు పూర్ణము మాత్రము వలదు; నీరెక్కువై క్రిందిపొరను నానబెట్టి, రెండవదినమునకే పులియును.

పండుగకు పండ్ల అడ పంచుట క్రొత్త ఆచారమేమియు గాదు. దావీదు మందసమును యెరూషలేమునకు తెచ్చిన దినమున స్త్రీపురుషుల కందరికిని రొట్టెతోపాటు ఎండుద్రాక్షపండ్ల అడ యొక్కొక్కటి పంచిపెట్టినట్లు రెండవ సమూయేలు గ్రంథము ఆరవ అధ్యాయమున చదువుదుము. అబీగయీలు దావీదు మనుష్యులకొరకు గాడిదలపై నెక్కించిన ఆహారములో రెండువందల అంజూరపు అడలు గలవు. ఎండినపండ్లను ముద్దచేసి నొక్కి దాచుకొనుట ఆ దేశమువారికి ప్రయాణపు బత్తెము. యెరికో పట్టణమునకు ఖర్జూరవృక్షముల పట్టణమని పేరుండెను.

ఇక కాల్చుట. నీరు నూరు డిగ్రీల సెంటీగ్రేడున మరగి ఆవిరియగును గనుక ఉడికించినది ఎంతసేపటికిని ఎఱ్ఱబడదు. ఎఱ్ఱదనమును కమ్మని వాసనయు రావలెనన్న వేడి అంతకు బాగుగా మించవలెను. బూరెలకు కాగిన నూనె యా వేడి నిచ్చును. ఈ బిళ్ళలకు చుట్టునున్న వేడిగాలియే యిచ్చును. విద్యుత్తు ఓవెను గలవారు 180 డిగ్రీలయొద్ద ముప్పదియైదు మొదలు నలుబది నిమిషములు కాల్చవలెను. అంచులు ఎఱ్ఱబడి పళ్ళెపు ప్రక్కలనుండి విడుచుట గురుతు.

ఓవెను లేని యిల్లాలు దీనిని చదివి పత్రిక మూసివేయరాదు. మినపపిండితో దిబ్బరొట్టె కాల్చిన చేతులకు ఈ విద్య క్రొత్తది కాదు. మందపు గిన్నెలో పిండిపోసి, క్రింద నిప్పులు, మూతమీద నిప్పులు పెట్టి రొట్టెను రెండువైపుల కాల్చుటయే కదా యందలి మర్మము! అదేవిధముగా పెద్ద ఇనుప దాకలో రెండంగుళముల మందమున పొడియిసుక పోసి, పైన మూడు రాతిముక్కలు పెట్టి, వానిపై పళ్ళెము నుంచవలెను. పళ్ళెము ఇసుకను తాకినచో అడుగు మాడును. మూత పెట్టి, నిప్పులలో మూడింట రెండువంతులు మూతమీదను, ఒకవంతు క్రిందను ఉంచవలెను. వేడి సహజముగా పైకే పోవును గనుక క్రింద నెక్కువ పెట్టనక్కరలేదు. వేడి చాలునో చాలదో చూచుటకు థర్మామీటరు లేనివారు చిన్న మూతలో చెంచాడు గోధుమపిండి పరచి లోపల పెట్టవలెను. ఐదు నిమిషములలో బంగారువన్నె వచ్చినచో సరియైన వేడి. నల్లబడినచో కొన్ని నిప్పులు తీయవలెను. తెల్లగానే యున్నచో చేర్చవలెను.

గ్యాసుపొయ్యి గలవారు కుక్కరులో అడుగున అంగుళము మందమున ఇసుక పోసి, మూతకున్న రబ్బరుపట్టీని, పైగుండును తప్పక తీసివేసి, పది నిమిషములు మధ్యమపు సెగపై కాచి, పళ్ళెము పెట్టి, సెగ తగ్గించి నలుబదియైదు మొదలు ఏబది నిమిషములు ఉంచవలెను. చదరపు పళ్ళెము పట్టనిచో గుండ్రని గిన్నె వాడవచ్చును. వేడి క్రిందినుండియే వచ్చును గనుక పైపొర పాలిపోయి కనబడును. రుచికి లోపము లేదు.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. దీనిని తల్లిదండ్రులు తేలికగా నెంచరాదు. మన ప్రాంతమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు కురియును. వానకు జడిసి బొగ్గుల కుంపటిని గదిలోనికి తెచ్చి, చలికి తలుపులు మూసికొనుట కలదు. బొగ్గు చాలినంత గాలి లేక మండునపుడు కార్బను మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మనుష్యుడు మత్తుగా నున్నదనుకొని నిద్రించి, లేవకపోవును. నిప్పులతో కాల్చుపని వసారాలోగాని పెరటిలోగాని చేయవలెను. పని ముగిసిన కుంపటినైనను పండుకొను గదిలో ఉంచరాదు.

సజ్జల సంగతికి వత్తము. సజ్జగింజలో నూటికి అయిదువంతుల వరకు క్రొవ్వుండును. వరిబియ్యముకన్న నిది చాల యెక్కువ. గింజ గింజగా నున్నంతకాలము ఈ క్రొవ్వునకు హాని లేదు. విసరినతోడనే గింజలోని యొక రసాయనద్రవ్యము క్రొవ్వును విడగొట్టుటకు ఆరంభించును. కొలది దినములలోనే పిండి కనరు వాసన పట్టి చేదెక్కును. సజ్జ చేదని మన పిల్లలు మొగము త్రిప్పుటకు తరచుగా కారణము సజ్జ కాదు, నిలువపిండి. కాబట్టి సజ్జలను బాగుచేసి, కడిగి, ఆరబెట్టి, దోరగా కమ్మని వాసన వచ్చువరకు వేపి, చల్లారిన పిదప ఆ దినముననే విసరవలెను. వేపినచో ఆ రసాయనద్రవ్యపు శక్తి నశించును, పచ్చివాసన పోవును. ఓట్సునకు ఆవిరి చేసిన పనిలో సగము ఇక్కడ మంగలము చేయును.

అటుకుల పని చేయునది యింకొకటి కావలెను. పట్టణపు అంగళ్లలో సజ్జ అటుకులు నేడు దొరకుచున్నవి గాని వానికొరకు ప్రయాణము కట్టనక్కరలేదు. తొలియేకాదశికి మన పొరుగువారు జొన్నపేలాలు వేచి బెల్లముతో పేలపిండి చేయుదురు. ఆ పేలాలే మనకు కావలసినవి. పేలగింజ లోపలి తడి ఆవిరియై ప్రేలినపుడే పూర్తిగా ఉడికినది. నలిపినచో తేలికయైన రేకులవలె నుండును. తడిని పీల్చుకొని పొరను పట్టియుంచును. అందుచేత పైని పళ్ళెమునకు వేపి విసరిన సజ్జపిండి 150 గ్రాములు, కచ్చాపచ్చాగా నలిపిన జొన్నపేలాలు 60 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, వేపిన నువ్వులు 30 గ్రాములు, బెల్లము 150 గ్రాములు, నెయ్యి 140 గ్రాములు, సోడా, ఉప్పు మునుపటివలెనే. నెయ్యి నలిపిన పిమ్మట మూడు నాలుగు పెద్దచెంచాల పాలు చిలుకరించి పావుగంటసేపు మూతపెట్టి యుంచవలెను. సజ్జపిండి తడిని మెల్లగా పీల్చును. తొందరపడి వెంటనే కాల్చినచో ఇసుకవలె రాలును. గోధుమపిండి పూర్తిగా మానుటయు మేము మెచ్చము, ఏలయన సజ్జకు సాగు గుణము బొత్తిగా లేదు. మేము మా యింట రెండు విధములను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. ఓట్సు బిళ్ళ మెత్తన. సజ్జ బిళ్ళ గుల్ల. నువ్వుల వాసన, బెల్లపు వాసన సజ్జకు కుదిరినట్లు ఓట్సునకు కుదరవు. సజ్జబూరెలు తినిపెరిగినవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను క్రిస్మసు బల్లపై సజ్జయా యని అడుగువారుందురు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. అమెరికను బాప్టిస్టు మిషనునకు చెందిన శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరున నిలిచి పని ప్రారంభించెను. తరువాత 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చినది. ఒంగోలునందలి జాన్ క్లౌ దొర బకింగుహాము కాలువలో కొంతభాగము త్రవ్వించు గుత్త తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. 1878 జూలై 3వ తేదీన 2,222 మంది యొక్కదినముననే బాప్తిస్మము పొందిరి. మన సంఘములలోని ననేక కుటుంబముల పూర్వికులు ఆ కరవు చూచినవారు. వారికి వరియన్నము పండుగనాటి మాట. సంగటియు సజ్జరొట్టెయు దినదినపు మాట, అవియు దొరకినపుడు. 1983లో నందమూరి తారక రామారావు గారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకము పెట్టిన పిదప బీదయింటగూడ వరియన్నము నిత్యమైనది. అది గొప్ప మేలు. ఆకలి నెరిగినవారెవ్వరును దానిని తక్కువచేసి మాటాడరు. కాని అన్నము ఇంటికి వచ్చుటతో సజ్జ ఇంటినుండి పోయినది. పోవుటయేగాక, సజ్జ తినుట బీదతనమునకు గురుతని పిల్లలు సిగ్గుపడు కాలము వచ్చినది. కోళ్లదాణాకు పోవుచున్న సజ్జలను చూచినప్పుడు జాన్సను పండితుని ఎత్తిపొడుపు మాకు జ్ఞప్తికి వచ్చుచుండును. గలిలయ సముద్రతీరమున బాలుడు తెచ్చిన అయిదు రొట్టెలు యవల రొట్టెలని యోహాను స్పష్టముగా వ్రాసెను; ఆ దేశమున యవలు బీదవారి ధాన్యము.

సజ్జ మన సొంతమని గర్వపడుటయు సరికాదు. అది నాలుగువేల యేండ్లకు పూర్వమే పశ్చిమాఫ్రికాలో పైరై, అక్కడినుండి మన దేశమునకు వచ్చినది. వేరుశనగ దక్షిణ అమెరికానుండి వచ్చినది. వంటయింటిలో పరదేశి యెవరు, స్వదేశి యెవరు అని విచారింపబోయినచో పొయ్యి ఆరిపోవును. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ ప్రతిపాదన చేసినది మన దేశమే.

బలము విషయమై లెక్క చేసి చూతము. ఇది గణితపు తరగతివారికి. నూరు గ్రాముల సజ్జలలో సుమారు 6 మిల్లీగ్రాముల ఇనుము కలదు. అంతియే తెల్లబియ్యములో ఒక మిల్లీగ్రాముకన్న తక్కువ. పై పళ్ళెమును ఒక్కొక్క ప్రక్క నైదేసి భాగములుగా కోసినచో నాలుగు సెంటీమీటర్ల బిళ్ళలు ఇరువదియైదు వచ్చును. 150 గ్రాముల సజ్జపిండిని 25తో భాగించినచో బిళ్ళకు 6 గ్రాములు. అందలి ఇనుము అర మిల్లీగ్రామైనను లేదు. ఎదుగుచున్న బాలికకు దినమునకు సుమారు 30 మిల్లీగ్రాములు కావలెను. కాబట్టి ఈ బిళ్ళ మాత్రబిళ్ళ కాదని తెలిసికొనవలెను. బెల్లమును నెయ్యియు గల తీపివంటకమును ఆరోగ్యము పేరుచెప్పి నాలుగేసి తినుట మంచిదికాదు. మధుమేహము గలవారు ముక్కలో ముక్కతో తృప్తిపడవలెను. అదే బాలిక దినమునకు 150 గ్రాముల సజ్జపిండితో రెండు రొట్టెలు తినినచో 9 మిల్లీగ్రాముల వరకు చేరును. ఆ ఇనుమంతయు ఒంటికి పట్టదు. నిమ్మ, ఉసిరి, జామవంటి పులుపుపండ్లు తోడైనచో ఎక్కువ పట్టును, తేనీరు తోడైనచో తక్కువ పట్టును. క్రిస్మసు పాటలు పాడుచు రాత్రివేళ వచ్చువారికి బిళ్ళతో తేనీరిచ్చుట మన మర్యాద. ఆ ఒక్క రాత్రికి లెక్క చూడనక్కరలేదు. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. మన తరగతిగదులలో మధ్యాహ్నమునకే సొమ్మసిల్లు బాలికలు ఆ లెక్కలోనివారే. పండుగ బల్లపై గౌరవముగా కూర్చుండిన ధాన్యమును జనవరి మాసమున రొట్టెగా వడ్డించినపుడు పిల్లలు సిగ్గుపడరని మా యాశ. ఈ పాఠమునకు ప్రోత్సాహము అదియే.

కోయుట, దాచుట చెప్పవలసియున్నవి. పొయ్యినుండి తీసినవెంటనే కోసినచో బిళ్ళలు నుగ్గగును. కరగిన బెల్లమును నెయ్యియు ఇంకను బిగియలేదు. పళ్ళెములోనే మూడు గంటలైన చల్లారనిచ్చి, పిదప పదునైన కత్తితో ఒక్కపోటున క్రిందికి నొక్కి కోయవలెను, రంపమువలె ఆడింపరాదు. ప్రతి కోతకును కత్తిని తడిగుడ్డతో తుడువవలెను. వానదినములలో బెల్లము గాలిలోని తడిని లాగుకొని మెత్తబడును గనుక, పూర్తిగా చల్లారిన బిళ్ళలను బిగుతు మూతగల డబ్బాలో పొరకొక కాగితము వేసి పేర్చవలెను. వేడిగా మూసినచో ఆవిరి నీరై బూజు పట్టును. ఖర్జూరపు పూర్ణము వారమునకు మించి యుంచరాదు. జామపూర్ణమైనచో మూడుదినములలో ముగింపవలెను. కావున క్రిస్మసునకు రెండుదినములముందు కాల్చుట మంచిది. పొరుగు హిందువుల యింటికిని ముసల్మానుల యింటికిని పంపు పళ్ళెములలో ఏది ఏ నెయ్యితో చేసినదో, ఏ పండు లోపలనున్నదో చెప్పి పంపవలెను. సంక్రాంతికి వారి అరిసెలు వచ్చునప్పటికి డబ్బా కడిగి యెండబెట్టి యుంచుడు. అడుగున మిగిలిన నుగ్గును పారవేయక, వేడిపాలలో కలిపి చిన్నపిల్లలకు పెట్టవచ్చును.